మూడు రోజుల ములికి

ఫిబ్రవరి 7, ఆదివారం

సన్యాసి అన్నయ్యకి, తవిటమ్మ వదినకి తెప్పల మూడో వరస నుంచి అసిరితల్లి రాస్తున్నది.

అన్నయ్యా, నీ మోకాలు ఎలా ఉంది? నువ్వుల నూనె కాచి రాస్తున్నావా, సీసా ఎక్కడో పెట్టి మర్చిపోయావా? వదిన నడుము ఎలా ఉంది? పక్క తెప్ప పోలమ్మత్తకి దగ్గు తగ్గిందా? తగ్గకపోతే ఆ మిరియాల కషాయం ఆపేసి డాక్టరుకి చూపించమను, ఆ దగ్గు నాకు కిందటిసారే నచ్చలేదు. మేక ఈనిందా? పిల్ల నిలబడిందా? తెప్ప ఊగకుండా మీ నేల కింద తిరిగే బొంగరం, నాయనమ్మ పేరు పెట్టుకున్న మన బంగారి, నిద్రపోతోందా? అది ఆని తిరిగే ములికి మార్చి అయిదేళ్లయింది, నేను లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. వదిన కన్ను సంగతి అన్నిటికంటే ముందు అడగాల్సింది. అడగడానికి భయమేసి చివరికి పెట్టాను. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని కిందటి నెల రాయించింది. ఇప్పుడు దీపమైనా కనబడుతోందా?

ఇక్కడ నా ఇరవై రెండు బొంగరాలూ ఒక మాదిరిగా ఉన్నాయి. బడి తెప్ప కింద సూరమ్మకి పై బేరింగులో గ్రీజు ఎండిపోయింది, తుడిచి కొత్తది పెట్టాను. గొడ్ల తెప్ప కింద అప్పాయమ్మది రెండ్రోజులుగా కలత నిద్ర. ఆవులన్నీ ఒక పక్కకే చేరి నిలబడుతున్నాయి, తెప్ప ఒరుగుతోంది, దాన్ని లాగి నిలబెట్టలేక అది మూలుగుతోంది. తప్పు ఆవులది. పాలవాళ్లకి చెప్పాను, వాళ్లు నవ్వారు. రొట్టెల తెప్పకి ములికి అరిగింది, మార్చాను, మూడు రోజులు పొయ్యి వెలిగించవద్దన్నాను. తిట్టుకున్నారు.

బొంగరాల పుస్తకానికి కావలసింది అయిపోయింది. పై కాగితం ఎప్పటిలాగే పడవకి ఇస్తాను, కార్బను కిందిది పుస్తకంలో ఉంటుంది. వదిన పది వరసల బొంగరాలకీ పెద్ద కాబట్టి ఈ కాగితం నువ్వు చదివి ఆమెకి వినిపిస్తావని తెలుసు. అందుకే ఇక్కడే అడుగుతున్నాను.

కళ్లు కోసే డాక్టరుతో కంటి తెప్ప ఎల్లుండి మా వరసకి వచ్చి కట్టుకుంటుంది. ఇరవయ్యో తేదీ దాకా ఉంటుంది. కోతల జాబితా మా గోడకి అంటించారు. పదిహేడు, బుధవారం, తవిటమ్మ, ఎడమ కన్ను అని ఉంది. నేను మూడుసార్లు చదివాను. నాది రెండో వాచకం దాకా వచ్చి, నీళ్లొచ్చి బడి మునిగి ఆగిపోయిన చదువు, అందుకని తప్పు చదివానేమో అని ఇంకొకరి చేత కూడా చదివించాను. అదే.

ఏ వరసలో కట్టుకుంటే ఆ వరస మనిషే కంటి తెప్ప బొంగరాన్ని చూడాలి, అది ఆనవాయితీ. ఈసారికి ఆనవాయితీ వదిలేయండి. అయిదో వరస కనకాన్ని పంపండి, దాని చెయ్యి మంచిది. తొమ్మిదేళ్ల క్రితం వదిన కుడి కన్ను కోస్తున్నప్పుడు బొంగరం మేలుకుంది. ఒక్క తూలు. డాక్టరు చెయ్యి జారింది. ఆ పూట కింద గదిలో ఉన్నది నేను. ఇప్పుడు ఉన్నది ఒక్క కన్నే కదా వదినకి, అదీ అప్పటి నుంచే మసక.

కనకాన్ని పంపండి.

ఫిబ్రవరి 9, మంగళవారం

కంటి తెప్ప వచ్చింది. తెల్లటి రంగు వేశారు, బాగుంది. దాని బొంగరం ఆ పాత చిట్టెమ్మే, బరువు మూడు ఆవులది. డాక్టరు కొత్తామె, జుబేదా గారు. చిన్నదే, నలభై ఉంటాయేమో. నా చేతులు పట్టుకుని చూసి, ఈ చేతులతో ఇరవై రెండు బొంగరాలు చూస్తారా అని ఆశ్చర్యపోయింది. నేను భయపడే మనిషినని ఆమెకి చెప్పాను. ముందే చెప్పడం మంచిది.

తెప్పతో పాటు ఒక మేస్త్రి కూడా వచ్చాడు, గురునాయుడు అని. ఇంజను, పంపులు, దీపాలు అన్నీ అతనే చూస్తాడు. బొంగరం ఒక్కటే వరస మనిషికి వదలాలి కాబట్టి అతనికి నేనంటే కొంచెం గిట్టలేదు. మెట్లు దిగుతుంటే, పెద్దమ్మా పడతారు, పై నుంచే చూసి చెప్పండి అన్నాడు. పై నుంచి చూస్తే బొంగరం ఏం తెలుస్తుంది? నిద్రపోతున్న బొంగరం, నిలబెట్టిన కుండ, చూపుకి రెండూ ఒకటే. తిరుగుతోందని కూడా తెలియదు.

వదిన నేర్పినట్టే విన్నాను. వెదురు పుల్ల ఒక కొస బొంగరం గూడుకి ఆనించి, రెండో కొస పంటితో కరిచి, రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాను. మంచి నిద్ర అయితే తేనెటీగ దూరంగా వెళ్తున్నట్టు ఉంటుంది. చిట్టెమ్మది అలా లేదు. తిరిగి తిరిగి ఒకచోట చిన్న అడ్డు. దవడలో బరువుగా తగిలింది. నాకున్నవి కింద మూడు పళ్లు, మూడూ చెప్పాయి.

గూడు పైన ఇత్తడి పళ్లెం పెట్టి నీళ్లు పోసి పసుపు చల్లాను. పసుపు కదలలేదు. కదలకపోతే ఊరుకోవాలి కదా. నాకు నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి 11, గురువారం

అన్నయ్యా, నీ కాగితం అందింది. మేక ఈనినందుకు సంతోషం. వదిన అన్నమాట అన్నట్టే రాశావు కాబట్టి ఆమె గొంతే వినబడింది. "కనకం వొద్దు. అసిరే ఉండాల. అసిరి నేకపోతే కోతే వొద్దు, ఈ మసక నాకు సాలు." ఇదేం పంతం? కంటి తెప్ప మళ్లీ రావడానికి రెండేళ్లు. ఈ కన్ను రెండేళ్లు ఆగదని జుబేదా గారు కాగితాలు చూసి చెప్పింది. ఆగితే తర్వాత కోసినా లాభం లేదట. వదినకి ఈ మాట గట్టిగా చదివి వినిపించు.

సరే, నేనే ఉంటాను. భయపడుతూ ఉంటాను.

ఇవాళ పొద్దున పళ్లెంలో పసుపు కదిలింది. మధ్యలో సన్నటి గీతలా విడిపోయి మళ్లీ కలిసింది. గురునాయుడిని పిలిచి చూపించాను. అతను వెంటనే మీటరు చూపించాడు. చిట్టెమ్మ ములికి వేసినప్పటి నుంచి ఎన్ని చుట్లు తిరిగిందో అందులో పడుతుందట, ముల్లు ఎర్ర గీత దాటి వారమైందట. ములికి మార్చాలి, కొత్తది పెట్టెలో ఉంది, మంగళవారం పొద్దున మార్చేస్తే సాయంత్రానికి సిద్ధం అన్నాడు. కొత్త ములికి ఆరు గంటలు తిరిగితే చాలని అతని పుస్తకంలో ఉంది.

ఆరు గంటలు చాలవు అన్నాను. ములికి మొన రాయి, అది కూర్చునే కుదురూ రాయి. కొత్త మొన ఆ కుదురులో మూడు రోజులు తిరిగి తన చోటు తను చేసుకోవాలి, అప్పటిదాకా బొంగరం ఎప్పుడైనా మేలుకుంటుంది. మార్చాలంటే శనివారం పొద్దుగుంకేలోపు మార్చాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు అని చెప్పాను. మూడు రోజులని ఏ పుస్తకంలో ఉంది పెద్దమ్మా అని అడిగాడు. నేను పళ్లెంలో నీళ్లు పారబోసి పైకి వచ్చేశాను.

అతను చెడ్డవాడు కాదు. మెట్ల దగ్గర నాకు పట్టుకోవడానికి తాడు కట్టాడు.

ఫిబ్రవరి 13, శనివారం

అన్నయ్యా, ఈ కాగితం వదినకి చదవకు. ముందు నువ్వొక్కడివే చదువు. తర్వాత నీ ఇష్టం.

పొద్దున్నే చిట్టెమ్మ దగ్గరికి వెళ్లాను. పుల్ల కరిచి విన్నాను. అడ్డు పెరిగింది. మధ్యాహ్నం మళ్లీ విన్నాను. అదే బరువు, కింది దవడలో, గుద్దినట్టు. ములికే అనిపించింది. గురునాయుడు కొత్త ములికి పెట్టె తెరిచి నా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పండి, ఇప్పుడే గొలుసులు వేసి లేపుతాను, మీ మూడు రోజులు మీకు వస్తాయి అన్నాడు. నేను మార్చు అనబోయాను. నోరు రాలేదు. మార్చకు అనబోయాను. అదీ రాలేదు. అలా కూర్చుని ఉండగానే పొద్దు గుంకింది.

ఎందుకు నోరు రాలేదో రాస్తాను.

తొమ్మిదేళ్ల క్రితం కూడా ఇలాగే విన్నాను. అదే చిట్టెమ్మ. ఇదే అడ్డు, ఇదే దవడ. వదిన కుడి కన్ను కోసేది తెల్లారి. అప్పటికి వదినకి ములికి బాగానే ఉందని చెప్పేశాను, మళ్లీ వెళ్లి అడగడానికి సిగ్గేసింది. ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. అరిగిన ములికి మీద వదిన కన్ను పెడుతున్నానా అని ఒకటే గుబులు. సాయంత్రం ఎవరికీ నిజం చెప్పకుండా వెళ్లి, గ్రీజు పెట్టాలని బొంగరం ఆపించి, రాత్రి ఒక్కదాన్నే గొలుసులతో లేపి ములికి మార్చేసి మళ్లీ తిప్పాను. పుస్తకంలో రాయలేదు. మంచి చేస్తున్నాననుకున్నాను, ఒట్టు. తెల్లారి అది మేలుకుంది.

అది నా దురదృష్టం అనుకున్నాను. ఆ తర్వాత ఏడాదికి వదిన మాటల్లో అంది, కొత్త ములికికి మూడు రోజులు పడుతుందే అసిరీ, అంతవరకూ దాన్ని నమ్మకూడదు అని. నేను అప్పుడు బియ్యం ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. వదినకి కుడి పక్కనే ఉన్నాను కానీ ఆమెకి ఆ పక్క కన్ను లేదు, నా మొహం చూడలేదు.

తీసేసిన ఆ పాత ములికి నా తమలపాకుల డబ్బాలో ఉంది. తొమ్మిదేళ్ల నుంచి ఉంది. పారేయలేదు, ఎవరికీ చూపించలేదు.

ఇప్పుడు చిట్టెమ్మ ములికి అరిగిందో లేదో నాకు తెలియదు. అరిగితే బుధవారం మేలుకుంటుంది. మారిస్తే, మూడు రోజులు లేవు కాబట్టి బుధవారం మేలుకుంటుంది. గురునాయుడు కోపంగా లేచి వెళ్లిపోయాడు. మంగళవారం తన పుస్తకం ప్రకారం తను మార్చేస్తానని, ఇష్టం లేకపోతే వద్దని నేను రాసి సంతకం పెట్టాలని అన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను.

ఇది రేపటి పడవకి ఇస్తున్నాను. కోత వద్దంటే వద్దని కబురు చేయండి. నన్ను ఏమన్నా పడతాను.

ఫిబ్రవరి 15, సోమవారం

ఈ కాగితం ఎవరికి పంపాలో తెలియదు, ఎందుకంటే మీరిద్దరూ నా గదిలోనే ఉన్నారు. అన్నయ్య మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. వదిన పడుకుంది. పుస్తకంలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

పొద్దుటి పడవలో వచ్చారు. రెండు రోజులు ముందే. నేను రేవులో నిలబడ్డాను. అన్నయ్య వదిన చెయ్యి నా చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా మూట దించుకున్నాడు. చదివాడని అర్థమైంది. నాకే కాదు, ఆమెకి కూడా చదివాడు. ఎప్పుడైనా నా మాట విన్నాడా?

వదిన నన్ను తిట్టలేదు. కాఫీ అడగలేదు. "నన్ను కిందకి దింపు" అంది.

గురునాయుడు కట్టిన తాడు పట్టుకుని ఆమె ముందు, నేను వెనక దిగాము. పుల్ల అందించాను. వదిన గూడు మీద పుల్ల ఆనించి, కరిచి, చెవులు మూసుకుంది. డెబ్బై రెండేళ్లు ఆమెకి, నోట్లో ఒక్క పన్ను ఊడలేదు. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పుల్ల తీసి తుడుచుకుని నా వైపు తిరిగింది. నా మొహం ఉండాల్సిన చోటుకి కొంచెం పక్కగా.

"ఒలే అసిరీ, నువ్వు ఏ పన్నుతోటి ఇన్నావే?"

"కింద మూడున్నాయి ఒదినా. ఆటితోనే."

"పైవో?"

"పైవి ఎప్పుడో పోనాయి. మా ఆయన పోయిన ఏడే పోనాయి."

"అంటే పన్నెండేళ్లు." ఆమె గూడు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ములికి బాధ కింది దవడకి ఒత్తాది. బేరింగు బాధ పై పళ్లకి ఒత్తాది. పై పళ్లు నేనిదానికి బేరింగు మాట ఎలాగినబడతాది? ఏది సెడినా నీకు ములికిలాగే తగుల్తాది."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

చిట్టెమ్మకి చెడింది పై బేరింగు. అందులో ఒక గుండుకి పెచ్చు లేచిందని వదిన అంది. ములికి బంగారంలా ఉంది, దాన్ని ముట్టుకోవద్దంది. తొమ్మిదేళ్ల క్రితం కూడా బహుశా బేరింగే. మంచి ములికి తీసేసి, చెడ్డ బేరింగు ఉంచేసి, నేను ఇంటికి పోయి పడుకున్నాను.

అప్పుడు ఏడుపొచ్చింది. నేను చేసింది ఆమెకి నా నోటితో చెప్పాను, కాగితంలో రాసినదే మళ్లీ చెప్పాను. వదిన వింటూ నా జుట్టు సవరించింది.

"నాకు తెల్దనుకున్నావేటి? ఆ ఏడు తెప్ప ఎల్లిపోయే ముందు బొంగరం ఆపినారు కదా, అప్పుడు దిగి తడిమినాను. కొత్త ములికి మొన పసిగుంట గోరులాగుంటాది."

"మరెందుకు సెప్పనేదు?"

"సెప్తే పుస్తకం నీ సేతిల ఉండనిత్తారా? అప్పటికి మీ ఆయన పోయి మూడేళ్లు, ఆ పుస్తకమే కదా నిన్ను పొద్దున్నే లేపింది." పుల్లని గోడకి ఆనించింది. "మూడు దినాల మాట ముందే నీకు సెప్పనిదాన్ని నాను. ఆ కన్నులో సగం నాదే."

గురునాయుడు పై మెట్టు మీద నిలబడి అంతా విన్నాడు. ములికి మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. బేరింగు ఎంత కొలతదో అడిగి స్టోరుకి వెళ్లాడు. వెళ్తూ, మీటరుకి పై పళ్లు లేవు పెద్దమ్మా అన్నాడు. వదిన పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, తర్వాత గంటకి వచ్చింది.

మధ్యాహ్నం బ్రేకు వేశాము. మూడు ఆవుల బరువు నిదానించి ఆగేసరికి పొద్దు వాలింది. చిట్టెమ్మ ఆగుతుంటే నేల మెల్లగా ఊగడం మొదలైంది. జుబేదా గారు మంచాలకి పట్టీలు కట్టించింది.

ఫిబ్రవరి 16, మంగళవారం

తెల్లవారగానే పని మొదలుపెట్టాము. బేరింగు మార్చడం నాకు కొత్త కాదు, కానీ ఇవాళ ఒకటి జాగ్రత్త. బొంగరం వెంట్రుకంత కూడా పైకి లేవకూడదు. లేస్తే ములికి కుదురు వదులుతుంది, మళ్లీ కూర్చున్నప్పుడు పాత చోట కూర్చోకపోవచ్చు, అప్పుడు పాత ములికి కూడా కొత్తదైపోతుంది. అందుకని గొలుసుతో లాగకుండా, నాలుగు వైపులా చెక్క దిమ్మలు కొట్టి బొంగరాన్ని నిలబెట్టాము. గురునాయుడు సుత్తి, నేను చెయ్యి, వదిన పుల్ల. ఒక్కో దిమ్మ బిగిసినప్పుడల్లా ఆమె పుల్ల కరిచి, సాలు అనేది.

పాత బేరింగు బయటికి వచ్చింది. కిరసనాయిలులో కడిగి గుండ్లు ఒక్కొక్కటీ బొటనవేలితో తిప్పాను. తొమ్మిదో గుండు మీద బియ్యపు గింజంత పెచ్చు. వదిన చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ముందుకీ వెనక్కీ దొర్లించి, నా కొంగు వెతుక్కుని అందులో ముడి వేసింది.

"నీ ఆకుల డబ్బాలోది పారేసి ఇది దాసుకో."

కొత్త బేరింగు పెట్టాము. బేరింగుకి మూడు రోజులు అక్కర్లేదు, ఒక పూట చాలు. పదింటికి తిప్పడం మొదలుపెడితే సాయంత్రం నాలుగింటికి పూర్తి వేగం అందింది. నేల ఊగడం తగ్గింది, తర్వాత ఆగింది. జుబేదా గారు మంచాల పట్టీలు విప్పించింది. చిట్టెమ్మ నిద్రపోయింది.

నేను పుల్ల కరిచి వినబోయాను. వదిన లాక్కుంది. నీ పళ్లకి రేపటిదాకా సెలవు అంది. పళ్లెంలో పసుపు మూడుసార్లు చూశాను. ఆమెకి కనబడదు కదా, చూశాను.

ఫిబ్రవరి 17, బుధవారం

తొమ్మిదింటికి వదినని లోపలికి తీసుకెళ్లారు. వెళ్లేముందు, కింద ఏమీ ముట్టుకోకు అంది. అంతే అంది.

కింద గదిలో గూడు పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. గ్రీజు డబ్బా ఉంది, రెంచీలు ఉన్నాయి, బ్రేకు పిడి చేతికి అందేంత దగ్గరలో ఉంది. నాకు వెయ్యి దాకా లెక్క వచ్చు. ఒకటి నుంచి మొదలుపెట్టాను.

నాలుగు వందల దగ్గర పెద్ద సరుకు ఓడ ఏదో దూరంగా పోయినట్టుంది. అల వచ్చింది. తెప్ప పక్కలకి నీళ్లు కొట్టిన చప్పుడు విన్నాను. నా చెయ్యి దానంతటది బ్రేకు వైపు వెళ్లింది, ఎందుకో నాకే తెలియదు. బ్రేకు వేస్తే ఏమవుతుందో నాకు తెలియదా? వెనక్కి తీసుకుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. చిట్టెమ్మ గూడులో కొంచెం బరువుగా ఊపిరి తీసినట్టయింది. అలను తను తీసుకుంది. పళ్లెంలో పసుపు అలాగే ఉంది.

బతుకులో ఇంత కష్టమైన పని చేయలేదు. కదలకుండా కూర్చోవడం.

వెయ్యి అయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. రెండో వెయ్యిలో ఆరు వందల ఇరవై దగ్గర మెట్ల మీద జుబేదా గారి కాళ్లు కనబడ్డాయి. నేను లేవలేకపోయాను, చేతులు మొద్దుబారిపోయాయి.

"బాగా నిద్రపోయిందమ్మా" అంది.

"ఎవరు?"

ఆమె నవ్వి, ఇద్దరూ అంది.

ఫిబ్రవరి 18, గురువారం

కట్టు విప్పారు. డాక్టరు వేళ్లు చూపిస్తే వదిన లెక్కపెట్టిందట. కిటికీలో పడవ ఉందని చెప్పిందట. అట అని ఎందుకంటున్నానంటే, నన్ను లోపలికి రానివ్వలేదు. పరదా బయట నిలబెట్టింది.

"ఉబ్బు తగ్గాక సూత్తాను నిన్ను. ఈ మబ్బుతోటి సూడను. తొమ్మిదేళ్లయినాది కదే నీ మొకం సరిగ్గా సూసి, ఇంకో వారానికేటైనాది?"

నేను పరదాతోనే మాట్లాడాను. తొమ్మిదేళ్లలో నా మొహం ఏమైందో ఆమెకి తెలియదని చెప్పాను. బుగ్గలు లోపలికి పోయాయి, కింద మూడు పళ్లు, నెత్తి మీద వెంట్రుకలు పోయి ఎండకి నల్లబడింది. చూసి భయపడతావు అన్నాను. పరదా అవతల అన్నయ్య, అదేమీ కొత్త కాదులే అన్నాడు. వదిన అతన్ని ఏదో గిల్లినట్టుంది.

ఫిబ్రవరి 21, ఆదివారం

సన్యాసి అన్నయ్యకి, తవిటమ్మ వదినకి అసిరితల్లి రాస్తున్నది.

మీరు క్షేమంగా చేరారని పడవవాళ్లు చెప్పారు. చుక్కల మందు పూటకి రెండు చుక్కలు, మూడు కాదు. అన్నయ్యా, నీకు లెక్క తప్పుతుంది, సీసా మీద గీత గీసుకో. వదిన వంగకూడదు, పొయ్యి ఊదకూడదు, మేకపిల్లని ఎత్తకూడదు. ఎత్తే ఉంటుంది. పోలమ్మత్త వదిన మొహం మీద దగ్గకుండా చూడండి.

కంటి తెప్ప నిన్న వెళ్లిపోయింది. గురునాయుడు వెళ్లేముందు తన పుస్తకంలో ఒక కాగితం అంటించి నాకు చూపించాడు. కొత్త ములికికి మూడు రోజులు, వినే మనిషికి పై పళ్లు ఉన్నాయో లేదో ముందు అడగాలి అని రాసి ఉంది. రెండో ముక్క వేళాకోళమో నిజమో అర్థం కాలేదు.

ఇక్కడ సూరమ్మ బాగుంది. రొట్టెల తెప్పలో పొయ్యి వెలిగింది. అప్పాయమ్మ ఇంకా మూలుగుతోంది, కానీ అది కింది దవడకి తగిలిందో పైకి తగిలిందో నేను చెప్పలేను కాబట్టి ఇక నుంచి నా వరసలో వినే పని పాలవాళ్ల కోడలు లక్ష్ముదమ్మది. దానికి పైనా కిందా అన్నీ ఉన్నాయి. నేను చెయ్యి, అది పన్ను. పుస్తకంలో ఇద్దరి పేర్లూ రాశాను. తొమ్మిదేళ్ల కింద రాయనిది కూడా దాని తేదీ దగ్గర ఖాళీలో రాశాను. వదిన పెద్ద కాబట్టి దాని కింద ఆమె వేలిముద్ర కావాలి, వచ్చినప్పుడు పుస్తకం తెస్తాను.

వదిన అడిగిన పాత ములికి తెస్తున్నాను. పారేయమంది, మళ్లీ రేవులో పడవ ఎక్కుతూ మాట మార్చి బంగారికి వేద్దామంది. మంచి ములికిని ఊరికే కూర్చోబెట్టకూడదట, కొలత అన్నిటికీ ఒకటేనట, బంగారి ములికికి ఎలాగూ అయిదేళ్లు నిండాయట. నేను ఒప్పుకున్నాను. కానీ వదినా, తొమ్మిదేళ్లు డబ్బాలో కూర్చున్నది, కొత్త కుదురులో వేస్తే అది మళ్లీ కొత్తదే. వేసి వచ్చేస్తే నాకు ఇక్కడ అన్నం సహించదు. అది నిద్రపోయేదాకా నేను మీ ఇంట్లోనే ఉండాలి. ఆ మాట నా చేత అనిపించడానికే ఆమె మాట మార్చిందని పడవ వెళ్లిపోయాక తెలిసింది.

నీలం చీర కట్టుకుని వస్తాను, రేవులో గుర్తుపట్టడానికి. పళ్లు చూసి నవ్వకండి.

ఇరవై అయిదు, గురువారం, పొద్దుటి పడవ. ఆదివారం దాకా ఉంటాను.